విజిల్ పడేదాకా

భువనేశ్వర్,
9 నవంబర్ 2025, ఆదివారం

అన్నా,

ఉత్తరం చూసి కంగారు పడకు. నేనూ కృపా బాగానే ఉన్నాం. ఫోన్లే లేవు. నిన్న ఓడిపోయాక డ్రెస్సింగ్ రూంలో అనుకున్న మాటలన్నీ అరగంటలో ఎవరో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేశారు. హెడ్ కోచ్ కాశీరాం సార్ ఒక ఇనుప పెట్టె తెప్పించి, ఆడేవాళ్ళవీ మావీ అందరి ఫోన్లూ అందులో వేసి తాళం పెట్టాడు. సిరీస్ అయ్యేదాకా, అంటే ఇరవై తొమ్మిదో తారీఖు దాకా ఇంతే. అసిస్టెంట్ కోచ్‌నని నాకేం మినహాయింపు లేదు. పోస్టు మాత్రం వద్దనలేదు. ఈ కాలంలో ఉత్తరాలు రాసేవాళ్ళు ఉంటారని ఆయనకు తట్టి ఉండదు. హాస్టల్లో ఉన్నప్పుడు నీకు రాసినట్టే రాస్తున్నాను. అప్పుడు ఇన్‌లాండ్ కవరు, ఇప్పుడు స్పీడ్ పోస్టు.

మ్యాచ్ నువ్వు చూసే ఉంటావు. 34–7. ఆ కజకిస్తాన్ పిల్లలు మనకంటే పెద్ద బలవంతులేం కాదు. మనమే పదకొండు పెనాల్టీలు ఇచ్చాం. అందులో ఐదు నీ బిడ్డవి. ఐదూ ఒకటే తప్పు. ఎదుటిదాన్ని బ్రహ్మాండంగా పడేస్తోంది, పడేశాక వదలడం లేదు. కబడ్డీలో పట్టినవాణ్ణి విజిల్ పడేదాకా వదలకూడదు. రగ్బీలో కింద పడేసిన మరుక్షణం వదిలెయ్యాలి, పడ్డ మనిషి బంతిని తన వాళ్ళకు ఇచ్చుకోవాలి. వదలకపోతే మనకు పెనాల్టీ. ఇది నీకు తెలియని సంగతి కాదు. కానీ పెన్‌పహాడ్ స్కూల్ గ్రౌండ్లో పదేళ్ళప్పటినుంచి నువ్వు దానికి నూరిపోసింది వేరే. నాకూ అదే నూరిపోశావు. ఆ అలవాటు నాకు పోవడానికి రెండేళ్ళు పట్టింది.

రాత్రి భోజనాల దగ్గర అడిగాను. "వదిలిన అత్తమ్మా, రెఫరీకే కనవడలే" అంది. వీడియో పెట్టి చూపిస్తే తల దించుకుంది. ఇక్కడికి వచ్చాక కొంచెం మారింది నీ బిడ్డ. అన్నం కూడా ఎడమ చేత్తో స్పూన్ పట్టుకుని తింటోంది. మన ఇంట్లో ఎవరి నుంచి వచ్చిందో ఈ దొరసాని తనం. నీకు రెండు ముక్కలు రాయమంటే తర్వాత రాస్తానంది.

కోదాడలో మా ఆయనకు ఫోన్ చేసి నేను బతికే ఉన్నానని చెప్పు. వదినను అడిగానని చెప్పు. నాకు ఓడిపోయినందుకు ఏడుపు కూడా రావడం లేదు. నిద్రా రావడం లేదు. ఊరికే కూర్చుని ఉన్నాను.

నీ చెల్లె,
అరుణ


సూర్యాపేట,
13 నవంబర్ 2025

చెల్లెకు,

నీ ఉత్తరం స్కూల్‌కే వచ్చింది. పోస్ట్‌మ్యాన్ తెచ్చి ఇస్తుంటే స్టాఫ్ రూమంతా లేచి నిలబడి చూశారు. వేణు సార్‌కు ఉత్తరమా, కోర్టు నోటీసా అని ఒకటే ఎకసెక్కాలు. భువనేశ్వర్ నుంచి అని చెప్పి, చొక్కా జేబులో పైకి కనిపించేటట్టు పెట్టుకుని తిరిగాను. అబద్ధమెందుకు.

మ్యాచ్ చూడకుండా ఉంటానా. శనివారం సాయంత్రం పిల్లలందర్నీ కూర్చోబెట్టి డిజిటల్ బోర్డు మీద వేశాను. రంగనాయకమ్మ టీచర్ కూడా ఇంటికి పోకుండా ఉంది, ఆమెకు రగ్బీ అంటే గుమ్మడికాయ ఆట. కృప ఆ బండ పిల్లను కాలు పట్టుతో నేలకు వేసింది చూడు, మా పిల్లలు బల్లలు విరగ్గొట్టారు. అది నేను నేర్పిన పట్టే. అప్పుడే ఆ రెఫరీ విజిల్ వేస్తే ఏడో తరగతి పిల్ల ఒకతి లేచి, "పట్టినోళ్ళకే తప్పు రాస్తరా సార్, గదేం ఆట?" అంది. దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

చెల్లే, నువ్వు ఆటను నా దగ్గరే నేర్చుకుని ఇప్పుడు నా నేర్పుడునే తప్పు పడుతున్నావు. సరే. నువ్వు నేషనల్ కోచ్‌వి, నేను జిల్లా పరిషత్ స్కూల్ పీఈటీని. కానీ ఆ పదకొండు పెనాల్టీలలో మిగతా ఆరు ఎవరివి? వాటి గురించి ఒక్క ముక్క రాయలేదు. మీ కాశీరాం సార్ లైన్ మొత్తాన్ని ఒకేసారి ముందుకు ఉరికిస్తున్నాడు. ఒక్కరు వెనకబడితే ఆ సందులోంచి వాళ్ళు పోతున్నారు. కబడ్డీలో చెయిన్ పడతాం చూడు, ఇద్దరు చేతులు కలిపి. అట్లా జంటలుగా పంపమను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, గెలిపించడం చేతగాక నా బిడ్డ పట్టు మీద పడ్డారు.

కృపను బాగా తినమను. చేతితో తింటుందో స్పూన్‌తో తింటుందో దాని ఇష్టం, దాన్ని సతాయించకు. మ్యాచ్ అయ్యాక నొప్పులు గిప్పులు అంటే బామ్ రాయి, చాలు. ఊరికే డాక్టర్ల దగ్గరికి పంపకు. వాళ్ళకు పని కావాలి, లేని రోగాలు పుట్టిస్తారు. ఈ సిరీస్ నాలుగు మ్యాచ్‌లూ ఆడితే జనవరిలో రైల్వే వాళ్ళ స్పోర్ట్స్ కోటా ట్రయల్స్‌కు పిలుపు ఖాయమని మొన్న కూడా అన్నారు. నాలుగంటే నాలుగు. అది గుర్తుంచుకో.

గణేష్ బావకు చేశాను. "అయ్యో, ఉత్తరాలేంటండీ బావగారూ, రాజుల కాలమా" అని నవ్వాడు. కోదాడ మనిషి, మాట్లాడితే ఆంధ్రా వాళ్ళ లెక్కనే ఉంటది.

కృపను రెండు ముక్కలు రాయమను. ఒక్క ముక్కైనా సరే.

మీ అన్న,
వేణు


భువనేశ్వర్,
17 నవంబర్ 2025

అన్నా,

రెండోదీ పోయింది. 29–10. నువ్వు చూశావు కనుక మళ్ళీ చెప్పను.

జంటలుగా పంపడం గురించి నువ్వు రాసింది కాశీరాం సార్‌కు చెప్పాను, నా మాటగానే చెప్పాను. బోర్డు మీద గీసి చూశాడు. మొదటి సగంలో అట్లాగే ఆడించాడు. అందుకే 12–10 దాకా వచ్చాం. ఆ క్రెడిట్ నీదే. తర్వాత కృప మళ్ళీ అదే చేసింది. పడేసి, ఆ పిల్ల జెర్సీ పట్టుకుని ఉండిపోయింది. రెఫరీ రెండుసార్లు "రిలీజ్" అని అరిచాడు. నేను గీత అవతలనుంచి తెలుగులో "ఇడువే, ఇడువు" అని అరిచాను. అది రెఫరీ వైపు అమాయకంగా చూస్తోంది గానీ చెయ్యి తియ్యలేదు. పసుపు కార్డు. పది నిమిషాలు పద్నాలుగు మందితో ఆడాం. ఆ పది నిమిషాల్లోనే రెండుసార్లు మన గీత దాటి ట్రై కొట్టారు వాళ్ళు. మ్యాచ్ అక్కడే అయిపోయింది.

నిన్న సెలక్షన్ మీటింగ్ పెట్టారు. సార్, వీడియో అబ్బాయి, నేను. గంటన్నర. మూడో మ్యాచ్ పదిహేను మందిలో కృప పేరు పోయింది. ఏడో నంబర్‌లో దీప్తి ఆడుతుంది. దీప్తి కృప అంత గట్టిది కాదు. కానీ వదలమంటే వదులుతుంది.

కృపకు నేనే వెళ్ళి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, నాతో కొట్లాడుతుందనుకున్నాను. "సరే అత్తమ్మా" అంది. ఏడో నంబర్ జెర్సీ మడతపెట్టి ఇచ్చింది. మడత కూడా సరిగ్గా రాలేదు, చేతులు ఒంకరగా తిప్పుతూ ఉంది. నేను తీసుకుని మళ్ళీ మడిచాను. మీ డాడీకి నువ్వే రాయవే అంటే పెన్ను తీసుకుంది, కాసేపు పట్టుకుని కింద పెట్టేసింది. నీ మీద అలకేమో, నా మీద కోపమేమో నాకు తెలియడం లేదు. అడిగే ఓపిక కూడా లేదు. ఇక్కడ అందరం అట్లాగే ఉన్నాం. ప్రాక్టీస్‌కు వస్తారు, పరిగెత్తుతారు, స్నానం చేస్తారు, తింటారు.

ఊళ్ళో నలుగురు అడిగితే చిన్న దెబ్బ తగిలిందని చెప్పు.

అరుణ


సూర్యాపేట,
20 నవంబర్ 2025

అరుణకు,

దెబ్బ తగిలిందని ఎందుకు చెప్పాలి? నా బిడ్డకు దెబ్బా లేదు, గిబ్బా లేదు. ఉన్నదున్నట్టే చెప్పాను, తీసేశారని. అత్త కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, తీసేసినందుకు కాదు నా బాధ. ఆ దీప్తిని పెట్టినందుకు. మొదటి మ్యాచ్‌లో ఆ పిల్ల చేతుల్లోంచి ముగ్గురు జారిపోయారు. బోర్డు మీద వెనక్కి తిప్పి తిప్పి చూశాను.

పేరు పోయింది అని రాశావు. పేరు దానంతట అది పోతుందా? ఎవరో ఒకరు కొట్టేస్తేనే పోతుంది. కాశీరాం కొట్టేస్తుంటే నువ్వు నోరు మూసుకుని కూర్చున్నావు, అంతేనా? నిన్ను ఇంటర్‌లో సెలక్షన్స్‌కు పంపడానికి, మన నాయన వద్దంటే నేను రెండు రోజులు అన్నం మానేశాను. నువ్వు గంటన్నర మీటింగ్‌లో ఒక్క మాట అనలేకపోయావు. కృప నాకు ఎందుకు రాయడం లేదో ఇప్పుడు అర్థమైంది. మన ఇంటి మనిషే పక్కన ఉండి కూడా ఆపలేదని దానికి మనసు విరిగిపోయింది.

నేను ఊరుకోలేదు. నిన్న సెలవు పెట్టి మిర్యాలగూడ పోయాను. భాస్కర్ గుర్తున్నాడు కదా, నాతో జిల్లా టీమ్‌లో ఆడినవాడు. ఇప్పుడు రైస్ మిల్లు, రాజకీయం, జిల్లా కబడ్డీ సంఘం అధ్యక్షుడు. వడ్ల సీజన్, మిల్లు ముందు లారీలు ఊరి అవతల దాకా నిలబడి ఉన్నాయి. గంటన్నర కూర్చోబెట్టాడు, అయినా లోపలికి పిలిచి చాయ్ తాపి మంచిగనే మాట్లాడాడు. "మన జిల్లా పిల్లను పక్కకు వెడితే మనం సూసుకుంట కూసుంటమా వేణన్నా" అన్నాడు. అతని ఆఫీసులో క్రాంతి అని ఒకతను పది నిమిషాల్లో ఇంగ్లీషులో అర్జీ కొట్టాడు. పేదింటి బిడ్డ, కూలి చేసుకున్నోళ్ళ మనవరాలు, పూర్తి ఆరోగ్యంగా ఉన్నా అన్యాయంగా తప్పించారు అని. నేను సంతకం పెట్టాను. ఢిల్లీలో అతనికి తెలిసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ ద్వారా ఫెడరేషన్‌కు పోయింది. మూడో మ్యాచ్‌కు అందదు, నాలుగోదానికి చూద్దాం.

నువ్వు భయపడకు, అందులో నీ పేరు రాయలేదు. కవర్ మీ వదినకు ఇస్తున్నాను, పోస్టాఫీసులో వేసి కూరగాయలకు పోతుంది.

వేణు

(వెనకవైపు, పెన్సిల్‌తో)

అరుణా, నేను సుగుణను. మీ అన్న కవరు నా చేతికిచ్చిండు, విప్పి రాస్తున్న. ఆయనకు చెప్పకు. బిడ్డ చేతికి పొద్దుమాపు వేడినీళ్ళ కాపడం పెట్టు. దసరా సెలవులకు వచ్చినప్పుడు రొట్టె చేస్తుంటే కుడిచేతి వేళ్ళు పెనానికి అంటుకున్నయి. వాసన వచ్చి నేను గుంజిన్న. దానికి తెల్వనే తెల్వదు. బొబ్బలు ఎక్కినంక చూసుకుంట కూసుంది. నాకు భయమైతుంది. అడిగితే ఇద్దరు నోరు విప్పరు.


భువనేశ్వర్,
24 నవంబర్ 2025, సోమవారం

అన్నా,

మొన్న శనివారం మూడోది కూడా పోయింది, 41–3. ఇప్పుడు దాని గురించి కాదు.

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. ముందు వైపు చదివి కోపం వచ్చింది. వెనక వైపు వదిన రాసింది చదివి నేరుగా కృప గదికి పోయాను. వదినను ఏమీ అనకు. అంటే నేను ఊరుకోను.

కృపను జిమ్ గదిలోకి తీసుకుపోయి తలుపు వేశాను. కళ్ళకు టవల్ కట్టాను. నా జెర్సీ కుడిచేత్తో గట్టిగా పట్టుకోమన్నాను. పట్టుకుంది. ఇప్పుడు వదులు అన్నాను. "వదిలిన అత్తమ్మా" అంది. వదల్లేదు అన్నా. వేళ్ళు నా జెర్సీలోనే ముడుచుకుని ఉన్నాయి. నేను అట్లాగే నిలబడ్డాను. అది కూడా వేళ్ళు విప్పేశాననుకుని నిలబడింది. టవల్ విప్పాను. తన చెయ్యి ఎక్కడుందో చూసుకుంది. అప్పుడు ఏడ్చింది.

బొటనవేలికి, పక్కన రెండు వేళ్ళకు స్పర్శ లేదట, అరచెయ్యి కూడా మొద్దుబారిందట. ఆగస్టులో ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో మెడ వంగిపోయి చెయ్యంతా కరెంటు కొట్టినట్టు అయిందట. చూస్తూ ఉంటే వేళ్ళు చెప్పినట్టు వింటాయి. చూడకపోతే విన్నాయో లేదో దానికి తెలియదు. మ్యాచ్‌లో చెయ్యి చూసుకుంటూ ఎవరు ఆడతారు? స్పూన్ ఎందుకో ఇప్పుడు తెలిసింది. నీకు ఉత్తరం ఎందుకు రాయలేదో తెలిసింది. అలకా కాదు, మనసు విరగడమూ కాదు. పెన్ను నిలవడం లేదు.

నేను దొరసాని అన్నాను. మీటింగ్‌లో క్రమశిక్షణ లేదన్నాను. ఇంకొకటి చెప్పాలి నీకు. పేరు కొట్టేసింది కాశీరాం సార్ కాదు. ఆయన ఇంకో అవకాశం ఇద్దామన్నాడు. నేనే కొట్టేశాను. మేనకోడలని వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనకూడదని, గట్టిగా ఉండాలని నా పెన్నుతో నేనే గీత గీశాను. నీకు మాత్రం పేరు పోయింది అని రాశాను. నువ్వు పట్టుకున్నావు.

ఇక అసలు సంగతి. నిన్న ఢిల్లీ నుంచి సార్‌కు ఫోన్ వచ్చింది. మీ భాస్కర్ అర్జీ పనిచేసింది. నాలుగో మ్యాచ్‌లో కృపను ఆడించాలని చెప్పారు. నేను పొద్దున సార్ దగ్గరికి పోయి చెయ్యి సంగతి చెప్పాను. ఆయన నా ముందు రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి నీ అర్జీ, పూర్తి ఆరోగ్యంగా ఉంది అని. రెండోది సెప్టెంబర్‌లో క్యాంపుకు వచ్చేటప్పుడు ఇచ్చిన ఫారం, ఇంతకుముందు ఏ గాయమూ లేదు అని. దాని కింద కూడా నీ సంతకమే. "అన్న ఆడించమంటాడు, చెల్లెలు ఆపమంటుంది. ముందు మీ ఇంట్లో తేల్చుకోండి" అన్నాడు. డాక్టర్ వచ్చి చూశాడు. కృప తన చేతి వంక చూసుకుంటూ ఆయన వేళ్ళు గట్టిగా నొక్కింది, ఏమీ లేదు సార్ అంది. ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు.

ఇంకోసారి మెడ అట్లా వంగితే ఏమవుతుందో నువ్వు పీఈటీవి, నీకు చెప్పనక్కర లేదు.

ఎవరు చెప్పొద్దన్నారే అని కృపను ఎంత అడిగినా చెప్పలేదు. నేను నిన్నే అడుగుతున్నాను. నీకు తెలుసా?

ఆఫీసు ఫోన్ నుంచి నీకు చేద్దామని పోయాను. సగం నంబర్ నొక్కి పెట్టేశాను. ఫోన్లో నువ్వు అరుస్తావు, నేను అరుస్తాను, అసలు మాట ఉండిపోతుంది. ఇది గురువారానికి నీకు అందుతుంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి జట్టు పేర్లు చదువుతారు. నువ్వు చెప్పకపోయినా నేను ఆపుతాను, ఉద్యోగం వదులుకుని అయినా గ్రౌండ్‌కు అడ్డం పడుకుంటాను. కానీ నేను ఆపితే అత్తే నా ఆట చెడగొట్టిందని అది జీవితమంతా అనుకుంటుంది. నువ్వూ అంటావు. నువ్వు చెబితే వేరు. క్యాంపు ఆఫీసు నంబర్ కవర్ లోపలి అంచు మీద రాశాను.

అరుణ


భువనేశ్వర్,
30 నవంబర్ 2025, ఆదివారం

అన్నా,

నిన్న రాత్రి పెట్టె తెరిచి ఎవరి ఫోన్లు వాళ్ళకు ఇచ్చేశారు. నా దాంట్లో నాలుగు వందల పైచిలుకు మెసేజ్‌లున్నాయి. ఒక్కటీ తెరవలేదు. నీకు ఫోన్ చేయవచ్చు. అయినా రాస్తున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం నువ్వు చేసినప్పుడు నేను గ్రౌండ్లో ఉన్నాను. సార్ తర్వాత పిలిచి చెప్పాడు. నువ్వు హిందీలో మాట్లాడావట. "మేరేకు మాలూం థా, సాబ్" అని, నాకు ముందే తెలుసని, మూడుసార్లు అన్నావట. మిగతాది ఆయనకు సగమే అర్థమైందట, కానీ ఆ ముక్క చాలన్నాడు. డాక్టర్‌ను మళ్ళీ పిలిపించి, కృప కళ్ళకు గుడ్డ కట్టి చూడమన్నాడు. ఈసారి డాక్టర్ చాలాసేపు ఏమీ రాసుకోలేదు. ఆరింటికి పేర్లు చదివారు. ఏడో నంబర్ దీప్తి.

కృప నన్ను ఒకటే అడిగింది. "డాడీయే చెప్పిండా?" అని. అవునన్నాను. "అట్లయితే సరే" అంది.

నాలుగోది 27–12. పెనాల్టీలు నాలుగే. అయినా ఓడిపోయాం. వాళ్ళు కప్పు పట్టుకుని ఫోటోలు దిగుతుంటే మేము వరుసలో నిలబడి చప్పట్లు కొట్టాం. కృప నా పక్కనే నిలబడి కొట్టింది, తన చేతుల వైపు చూస్తూ. నాకు సిరీస్ గుర్తుండదు. అది గుర్తుంటుంది.

నేను రిపోర్టు రాసి ఇవ్వడానికి ఇంకో రెండు వారాలు ఇక్కడే ఉండాలి. అందులో సెలక్షన్ గురించి ఉన్నదున్నట్టు రాస్తాను, కొట్టేసింది నేనని, ఎందుకని అడగకుండా కొట్టేశానని. కృపను రేపు రైలెక్కిస్తున్నాను. మా ఆయన విజయవాడలో దింపుకుని కోదాడ తీసుకుపోతాడు. నువ్వు కోదాడ వచ్చి తీసుకుపో.

నువ్వు ఎప్పటినుంచి దాచావో నాకు రాయనక్కర లేదు. రాయాలనిపిస్తే రాయి.

అరుణ


సూర్యాపేట,
9 డిసెంబర్ 2025

చెల్లే,

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. నీకు కాక ఎవరికి చెప్పుకుంటాను.

ఆగస్టు నెలాఖరున కృప ఇంటికి వచ్చినప్పుడే చెప్పింది, "డాడీ, చేతి ఏళ్ళు తిమ్మిరెక్కినట్టు ఉంటున్నయి" అని. క్యాంపుకు ఇరవై రోజులు ఉంది. దవాఖానకు పోతే కాగితం పుడుతుంది, కాగితం పుడితే ఫారంలో రాయాలి, రాస్తే క్యాంపు లేదు. అందుకే పాలకీడులో నాటు వైద్యం చేసే మట్టయ్య దగ్గరికి తీసుకుపోయాను. మోకాళ్ళూ మెడలూ ఆయన పట్టు వేస్తే తగ్గుతాయని మా పీఈటీలందరం పిల్లల్ని తీసుకుపోయేది అక్కడికే. మట్టయ్య దగ్గర కాగితం ఉండదు. ఆయన మెడ మీద నూనె పోసి మూడు వారాలు పట్టు వేశాడు. ముసలాయనను ఏమనను, మూడో వారం ఆయనే అన్నాడు, ఇది నా పని కాదు వేణూ, పట్నం తీసుకుపో అని. నేను పోలేదు. బస్సులో వస్తూ కృపతో అన్నాను. "సిరీస్ అయ్యేదాకా ఎవరికి చెప్పకు బిడ్డా. విజిల్ పడేదాకా ఇడువొద్దు." అవే మాటలు. అది విన్నది. చిన్నప్పటినుంచి నా మాట దాటని పిల్ల.

రెండు ఉత్తరాల్లోనూ కాశీరాంను తిట్టాను, నిన్ను తిట్టాను. తెలిసి తిట్టాను చెల్లే. తిట్టినంతసేపు నా సంగతి నాకు గుర్తు రాకుండా ఉండేది. నువ్వు గీత గీశానని రాస్తే నీ మీద కోపం కూడా రాలేదు, నాకంటే ముందు చెప్పేశావని సిగ్గేసింది. గురువారం నీ ఉత్తరం వచ్చాక రాత్రంతా కూర్చున్నాను. శుక్రవారం మొదట భాస్కర్‌కు చేసి అర్జీ వెనక్కి తీసుకొమ్మన్నాను, నాకు పిచ్చి లేసిందనుకుని ఫోన్ పెట్టేశాడు. తర్వాత స్కూల్ వెనక్కి పోయి నువ్వు రాసిన ఆఫీసు నంబర్‌కు చేశాను.

మీ వదిన నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు అన్నం పెడుతోంది.

నిన్న హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో చూపించాం. మెడలో నరం నలిగిందట, స్కాన్‌లో కనిపించింది. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. ఆగస్టులోనే వస్తే బాగుండేదని ఒక్కసారే అంది. స్పర్శ ఆరు నెలల్లో రావచ్చు, రాకపోవచ్చు. పట్టుకునే ఆట ఏదీ ఇక వద్దంది, రగ్బీ లేదు, కబడ్డీ లేదు. రైల్వే మాట ఖతం. కృప కళ్ళు మూయించి ఒక్కో వేలు తాకుతూ ఇదేది, ఇదేది అని అడిగింది. కృప మూడుసార్లు తప్పు చెప్పింది. నేను బయటికి పోదామనుకున్నాను, పోలేదు. కూర్చుని చూశాను.

బయటికి వచ్చాక వరండాలో కృపతో, నన్ను తిట్టు బిడ్డా అన్నాను. "ఎందుకు డాడీ, నువ్వే ఫోన్ చేసినవ్ గదా" అంది. తిడితే బాగుండు అనిపించింది.

తిరుగు బస్సులో దానికి కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు కదలగానే దాని కుడిచెయ్యి తీసి నా చేతుల్లో పెట్టుకున్నాను. చిన్నప్పుడు గ్రౌండ్‌కు తీసుకుపోయేటప్పుడు అట్లాగే పట్టుకునేవాణ్ణి. అది నా వైపు ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగింది. చౌటుప్పల్ దాటింది, నార్కట్‌పల్లి దాటింది. నకిరేకల్ దగ్గర కండక్టర్ వస్తే టికెట్ చూపించడానికి దాని చెయ్యి దాని ఒళ్ళో పెట్టి వదిలేశాను. మళ్ళీ పట్టుకోలేదు, నాకు ధైర్యం చాలలేదు. అది కిటికీలోంచి వరికోతలు చూస్తూనే ఉంది.

సూర్యాపేట స్టాండ్‌లో బస్సు ఆగింది. కృప ఇంకా బయటికే చూస్తూ, మెల్లగా అంది.

"చెయ్యి ఇడువు డాడీ, దిగుదాం."

నీ అన్న,
వేణు